ఇద్దరబ్బాయిల ప్రేమకథలో దయ్యాన్ని ఎలా రాయాలి: బెంగళూరు కథకు స్టెప్ బై స్టెప్ గైడ్

"ఇద్దరు టీనేజ్ అబ్బాయిల ప్రేమకథ రాయాలనుంది. అందులో దయ్యమో శాపమో ఏదో ఒకటి ఉండాలి. బెంగళూరులో జరగాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?" ఈ ప్రశ్న నాకు పదే పదే వస్తోంది. అడిగేవాళ్లలో చాలామంది ఇక్కడే పీయూసీ (మన ఇంటర్), డిగ్రీ చదువుతున్న తెలుగు పిల్లలు. వాళ్లు పంపే డ్రాఫ్టుల్లో తప్పులు కూడా దాదాపు ఒకేలా ఉంటున్నాయి. అందుకని పద్ధతంతా ఒక్కచోట పెడుతున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి తెలిసి ఉండాలి. కొడుకు ఇంకో అబ్బాయిని ఇష్టపడుతున్నాడని తెలిస్తే "వీడికేదో గాలి సోకింది" అనే పెద్దవాళ్లు మన ఇళ్లలో ఇప్పటికీ ఉన్నారు. తాయెత్తు కట్టించేవాళ్లున్నారు, భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లేవాళ్లున్నారు. కాబట్టి దయ్యమూ, ఈ ప్రేమా ఒకే కథలో కనబడగానే తెలుగు పాఠకుడు తనకు తెలియకుండానే రెంటినీ ముడిపెట్టేస్తాడు. దయ్యం వల్లే వీడిలా అయ్యాడనో, ఇలా ఉన్నందుకే దయ్యం పట్టిందనో అనుకుంటాడు. ఆ ముడి పడకుండా చూడటమే మీ అసలు పని. కథలో దయ్యం వింతగా ఉండాలి, ప్రేమ మామూలుగా ఉండాలి. కింద చెప్పే స్టెప్పులన్నీ దీనికోసమే.

కావలసినవి

- ఇద్దరబ్బాయిలు. ఇద్దరూ బతికే ఉండాలి. 16, 17 ఏళ్ల వాళ్లు, మధ్య తేడా ఏడాదికి మించకూడదు.
- మీరు స్వయంగా నడిచి చూసిన ఒక చోటు.
- ఒక దయ్యం, దానికి మూడే మూడు నియమాలు.
- కథ జరిగే సంవత్సరం. "ఈ మధ్య" అంటే సరిపోదు.
- రెండు రంగుల పెన్నులు. ఎందుకో 4వ స్టెప్పులో చెప్తాను.
- డ్రాఫ్టు చదివిపెట్టడానికి ఇద్దరు మనుషులు. వాళ్లలో ఒకరైనా గే అయి ఉంటే మంచిది.

1. ముందు చోటు వెతకండి, దయ్యం తర్వాత వస్తుంది

చాలామంది పాడుబడ్డ బంగళాతో మొదలుపెడతారు. బెంగళూరుకి దాని అవసరం లేదు. ఈ ఊరు చెరువుల మీద లేచిన ఊరు. మెజెస్టిక్ బస్టాండు ఒకప్పటి ధర్మాంబుధి చెరువు. కంఠీరవ స్టేడియం ఒకప్పటి సంపంగి చెరువు. 1890ల్లో ఊరి బయటి హెసరఘట్ట చెరువు నీళ్లు రావడం మొదలయ్యేదాకా ఊళ్లోవాళ్లు తాగడానికి ఎక్కువగా ఇలాంటి చెరువుల మీదే ఆధారపడ్డారు. తర్వాత వాటి అవసరం తగ్గింది, చెరువులు కుంచించుకుపోయాయి. 1997 జాతీయ క్రీడలు జరిగే నాటికి సంపంగి చెరువు నేల మీద రన్నింగ్ ట్రాక్ వచ్చేసింది. స్టేడియం పక్కన ఒక చిన్న కొలను మాత్రం మిగిలింది. చైత్ర మాసంలో కరగ ఉత్సవానికి ఇప్పటికీ అక్కడ పూజ చేస్తారు.

నీళ్లు లేని చెరువులో మునిగిపోయిన పిల్లవాడు. ఇదొక్కటి చాలు మీ కథకు.

ఈ గైడంతా దీన్నే ఉదాహరణగా వాడతాను. చరణ్ వాళ్లది మదనపల్లె. అమ్మానాన్నలు మారతహళ్లిలో పీజీ హాస్టల్ నడుపుతున్నారు. వసంత్ వాళ్లు తాతల కాలం నుంచి నగరత్‌పేటలో ఉంటున్న తెలుగువాళ్లు. ఇద్దరూ ఫస్ట్ పీయూ, తెల్లవారుజామున కంఠీరవలో అథ్లెటిక్స్ కోచింగ్. ఏప్రిల్ నెల, వాన చినుకు లేదు. ట్రాక్ మీద నాలుగో లేన్లో తడి పాదముద్రలు కనిపిస్తాయి. చిన్న పాదాలు, వేళ్లు విడివిడిగా పడ్డాయి. సగం దూరం వెళ్లి ఆగిపోయాయి.

వేరే చోటు కావాలంటే:

- బేగూరు నాగేశ్వర గుడి. అక్కడ దొరికిన సుమారు క్రీ.శ. 890 నాటి శాసనంలో బెంగళూరు పేరూ, ఒక యుద్ధమూ ఉన్నాయి. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో తెలుగువాళ్లకు కొదవ లేదు. వీరగల్లు (యుద్ధంలో పోయిన వీరుడి గుర్తుగా నిలబెట్టిన రాయి) మీది కుర్రాడు రాత్రిపూట దిగి వస్తే?
- 1990ల్లో ఇక్కడి పేటల్లో తలుపుల మీద "నాళె బా" (రేపు రా) అని రాసుకున్న రోజులు. మన ఊళ్లలోనూ "ఓ స్త్రీ రేపు రా" అని గోడల మీద రాసేవాళ్లు కాబట్టి తెలుగు పాఠకుడికి విడమరచి చెప్పక్కర్లేదు. కథ ఆ కాలంలో పెడితే పిల్లల చేతుల్లో సెల్‌ఫోన్లు లేవు, స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377 సెక్షన్ ఉంది. అది గుర్తుపెట్టుకుని రాయండి.

హెచ్చరిక: కరగను కథలోకి తెస్తే జాగ్రత్తగా తీసుకురండి. ద్రౌపదీదేవి శక్తిగా కొలిచే కరగాన్ని (పూలతో అలంకరించిన కుండ) మోసే పూజారి స్త్రీ వేషంలో ఉంటాడు. దాన్ని పట్టుకుని "చూశారా, మన సంప్రదాయంలోనే ఉంది" అని మీ అబ్బాయిల ప్రేమకు సాక్ష్యంగా నిలబెట్టే డ్రాఫ్టులు వస్తుంటాయి. ఆ రెండింటికీ సంబంధం లేదు. ఒక సముదాయం తరతరాలుగా నిష్ఠతో చేసుకునే వ్రతం అది. ఊరేగింపు మస్తాన్ సాబ్ దర్గా దగ్గర ఆగడం రాయండి, మల్లెపూల వాసన రాయండి, జనంలో వసంత్ చెయ్యి ఎక్కడ జారిపోయిందో రాయండి. అంతకుమించి వద్దు.

2. దయ్యానికి నియమాలు పెట్టండి

నియమం లేని దయ్యం రచయిత ఇరుక్కున్నప్పుడల్లా వచ్చి కాపాడుతుంది. అప్పుడు పాఠకుడికి భయం పోతుంది. నియమాలు మూడు చాలు. ఎక్కడ కనిపిస్తుంది, ఎప్పుడు కనిపిస్తుంది, చూసినవాడు ఏం చెల్లించుకోవాలి.

మన ఉదాహరణలో:

- చెరువు ఒకప్పుడు ఎంతవరకు ఉండేదో అంతవరకే ఆ పిల్లవాడు రాగలడు. గేటు దాటితే లేడు.
- చెప్పులు, షూ లేకుండా నేల మీద కాలు పెట్టినవాళ్లకే కనిపిస్తాడు.
- వాడితో మాట్లాడినవాళ్లు తడిసిపోతారు. ఆ తడి ఒక పగలూ ఒక రాత్రీ ఆరదు.

మూడో నియమం చూడండి. ఏప్రిల్ ఎండలో ఒళ్లంతా తడిసి 335ఈ బస్సెక్కి ఇంటికెళ్లాలి. కండక్టర్ చూస్తాడు, పక్క సీటాయన జరుగుతాడు, ఇంట్లో అమ్మ అడుగుతుంది. చెల్లించాల్సింది ఇలా ఇంటిదాకా వెంటాడితేనే కథ నడుస్తుంది. "ఆయుష్షు తగ్గిపోతుంది" లాంటివి పెద్దగా వినబడతాయి గానీ సీన్లోకి దిగవు.

రెండో నియమం కూడా కావాలనే అలా పెట్టాను. "ప్రేమలో ఉన్నవాళ్లకే కనిపిస్తాడు" అని పెట్టొచ్చు కదా అని అడుగుతారు. పెట్టకండి. పెట్టారంటే మొదట్లో చెప్పిన ముడి మీరే వేసినట్టు. కాళ్లకు చెప్పుల్లేని ఎవరికైనా కనిపించాలి. తోటమాలికి కూడా.

ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పులు మూడు.

ఒకటి, పునర్జన్మ. మనవాళ్లకు పునర్జన్మ కథలంటే ప్రాణం కాబట్టి చెయ్యి అటే పోతుంది. డ్రాఫ్టు సగంలో "గత జన్మలో వసంత్ ఆడపిల్ల, వాళ్లిద్దరూ భార్యాభర్తలు" అని తేలుతుంది. దీంతో మీరు రాసిన ప్రేమ మొత్తం చెరిగిపోతుంది. చరణ్ ఇష్టపడింది వసంత్‌ను కాదు, లోపలున్న ఎవరో అమ్మాయిని అని మీరే చెప్పినట్టవుతుంది. పునర్జన్మ వదులుకోలేకపోతే గత జన్మలోనూ ఇద్దరూ మగపిల్లలే అని రాయండి.

రెండు, పెళ్లిళ్ల పేరయ్య దయ్యం. ఇద్దర్నీ కలపడమే దాని పని. మన చెరువు పిల్లవాడికి అదంతా పట్టదు. "నానమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది, ఆలస్యమైందని చెప్పి రావాలి" అనే ఒక్క మాటే వాడిది. వాడి కోరిక వాడికుండాలి.

మూడు, ఇద్దరిలో ఒకణ్ణి దయ్యం చేయడం. కుదరదని అనను, కానీ దాంతో రెండు చిక్కులున్నాయి. ప్రేమ చావుతో ముగియక తప్పదు, ఇలాంటి పిల్లల కథలు అలా ముగియడం పాఠకులు ఇప్పటికే చాలా చూశారు. రెండోది వయసు. నూరేళ్లుగా తిరుగుతున్న దయ్యం 16 ఏళ్ల పిల్లాడిని ఇష్టపడితే అది పెద్దవాడు చిన్నపిల్లాడి వెంటపడటమే. పోయిన వయసు దగ్గరే వాడి మనసు కూడా ఆగిపోయిందని, ఆ తర్వాతి కాలం వాడికి గుర్తే లేదని చూపించగలిగితేనే అటు వెళ్లండి.

3. ఇద్దరికీ వేర్వేరు ఇళ్లు కట్టండి

ఒక్కొక్కరికీ ఒక పేజీ రాసుకోండి. ఇంట్లో ఎవరెవరున్నారు, పొద్దున టిఫిన్ ఎవరు చేస్తారు, ఫోన్ లాక్ ఎవరికి తెలుసు, ఒంటరిగా ఉండే గది ఉందా. చివరి ప్రశ్న చాలా ముఖ్యం. పీజీ నడిపే ఇంట్లో చరణ్‌కు సొంత గది ఉండదు. ఖాళీ అయిన బెడ్ ఏ గదిలో ఉంటే అక్కడ పడుకుంటాడు. వసంత్ పాత ఇంట్లో మేడ మీద గది ఉంది, కానీ నానమ్మ మెట్ల కిందే కూర్చుంటుంది. చెరువు కథ తన నానమ్మ చెప్పగా విన్నది ఆవిడే. అది ఇక్కడ పనికొస్తుంది.

మాట తీరు కూడా వేరుగా ఉండాలి. చరణ్ ఇంట్లో రాయలసీమ యాస. వసంత్ తెలుగులో కన్నడం కలిసిపోయి ఉంటుంది, "స్వల్ప అడ్జస్ట్ చేసుకో" అనేస్తాడు. ఇద్దరి చేతా పుస్తకాల తెలుగు మాట్లాడించకండి. యాస చేతకాకపోతే ఒకటి రెండు మాటలు చాలు, ప్రతి వాక్యానికీ పూయక్కర్లేదు.

4. "వాడు", "వాడు" చిక్కు

ఈ రకం కథ తెలుగులో రాసేవాళ్లందరూ పడే కష్టం ఇది. అమ్మాయి-అబ్బాయి కథలో "అతను", "ఆమె" అంటే తేలిపోతుంది. ఇక్కడ ఇద్దరూ "వాడు"లే. ఒక డ్రాఫ్టులో ఇలా ఉంటుంది:

"వాడు వాడి చెయ్యి పట్టుకున్నాడు. వాడికి భయమేసింది. వాడి వైపు చూశాడు."

ఎవరికి భయమేసిందో రచయితకు తప్ప ఎవరికీ తెలియదు. దీనికి మూడు దారులున్నాయి.

మొదటిది, కథను ఒకరి నోట చెప్పించడం. "నేను చెయ్యి చాపాను. వసంత్ పట్టుకోలేదు. అలాగని తన చెయ్యి వెనక్కి తీసుకోనూ లేదు." మొదటిసారి రాసేవాళ్లకు నేను చెప్పేది ఇదే. అయోమయం సగం తగ్గిపోతుంది, దాచుకున్న భయం లోపలి నుంచే వినిపిస్తుంది.

రెండోది, ఒకరికి "వాడు", రెండోవాడికి ఎప్పుడూ పేరే. చరణ్ వైపు నుంచి కథ నడుస్తుంటే చరణ్ "వాడు", వసంత్ ఎప్పుడూ వసంతే. కథ మధ్యలో మార్చొద్దు.

మూడోది, కర్తను వదిలేసి వస్తువును పట్టుకోవడం. "లేసు ఊడిన షూ ఆగింది. పక్క షూ కూడా ఆగింది." ముందే ఎవరి లేసు ఊడిందో చెప్పి ఉంటే ఇక్కడ పేరు అక్కర్లేదు. ఎక్కువ వాడితే విసుగొస్తుంది, ముఖ్యమైన చోట ఒకసారి వాడండి.

దయ్యానికి మాత్రం వేరే మాట పెట్టుకోండి. "ఆ పిల్లవాడు" అని మొదలుపెడితే చివరిదాకా అదే.

ఎలా చెక్ చేయాలి: ఏదైనా ఒక పేజీ ప్రింట్ తీసి, కథ తెలియని ఫ్రెండ్‌కి రెండు రంగుల పెన్నులతో ఇవ్వండి. ప్రతి "వాడు" కిందా ఎవరో ఊహించి గీత గీయమనండి. మీ మనసులో ఉన్నదానికి తేడా వచ్చిన ప్రతి చోటా వాక్యం మార్చండి. వాళ్లది తప్పని వాదించకండి.

పిలుపుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బెంగళూరు తెలుగు కుర్రాళ్లు "రేయ్", "మచ్చా", "మగా" అని పిలుచుకుంటారు. ప్రేమ మొదలవగానే కొంతమంది రచయితలు వాళ్ల నోట "ప్రియతమా" స్థాయి మాటలు పెట్టేస్తారు. 17 ఏళ్ల కుర్రాడు అలా మాట్లాడడు. "రా" అలాగే ఉండనివ్వండి. మార్పు ఒక్కచోట కనబడితే చాలు. మొదటి నుంచీ "రేయ్ మదనపల్లె" అని ఏడిపించే వసంత్, ఆ తడి తెల్లారుజామున మొదటిసారి "చరణ్" అంటాడు. పాఠకుడు అర్థం చేసుకుంటాడు.

5. ప్రేమను ఎంతవరకు రాయాలి

ఇద్దరూ 18 ఏళ్ల లోపు వాళ్లు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 నిండని వాళ్లందరూ పిల్లలే, ఆడైనా మగైనా. శారీరక సంబంధం సీన్లు రాయొద్దు. సూచనగా కూడా వద్దు, "తర్వాత ఏం జరిగిందో మీకు తెలుసు" లాంటివి కూడా వద్దు. పాత్రల వయసు 18 అని మార్చేసి పీయూసీ పిల్లల్లాగే రాసినా తప్పు తప్పే.

దీనివల్ల కథ చప్పబడిపోతుందని కొంతమంది బాధపడతారు. నా అనుభవంలో హద్దు పెట్టుకున్న డ్రాఫ్టులే బాగుంటున్నాయి. ఈ వయసు ప్రేమలో ఎక్కువ భాగం ఎదురుచూపే. బ్లూ టిక్ పడి రిప్లై రాని అరగంట. బస్సులో సీటున్నా కూర్చోకుండా పక్కన నిలబడటం. వార్మప్‌లో ఇద్దరినీ జంటగా పెడతారా లేదా అనే టెన్షన్. ఒకే నీళ్ల బాటిల్. ఆరని తడి చొక్కా పిండుతూ "నీది ఇవ్వు, నేను పిండుతా" అనడం. వీటిని తొందరపడకుండా రాయండి.

తప్పు: మొదటి సీన్లోనే ఇద్దరికీ అన్నీ తెలిసిపోవడం. 16 ఏళ్లకు తనేంటో స్పష్టంగా తెలిసినవాడు ఉంటాడు, తెలియనివాడూ ఉంటాడు. ఇద్దర్నీ ఒకే మెట్టు మీద నిలబెట్టకండి. చరణ్‌కు పదో తరగతి నుంచే తెలుసు, ఎవరికీ చెప్పలేదు. వసంత్‌కు ఇంకా పేరు దొరకలేదు.

తిట్ల విషయం. కాలేజీలో "తేడా", "పాయింట్ ఫైవ్" అనే మాటలు వినబడతాయి. వినబడవన్నట్టు రాస్తే అబద్ధమవుతుంది. క్లాస్‌మేట్ నోట ఒకసారి రానివ్వండి, తగిలిన దెబ్బ చూపించండి. కథ చెప్పే గొంతు మాత్రం ఆ మాటలు వాడకూడదు, నవ్వించడానికి అసలే వాడకూడదు.

6. ఇంట్లో తెలిసే సీన్

కథ మొత్తానికి కీలకం ఇదే, దీనికి ఎక్కువ టైమ్ పెట్టండి.

చరణ్ మూడోసారి తడిసి ఇంటికొచ్చాడు. అమ్మ ఏమీ అడగలేదు. గుప్పెడు కల్లుప్పు, నాలుగు ఎండు మిరపకాయలు తీసుకుని వాడి చుట్టూ తిప్పింది. స్టవ్ మీద పెనంలో వేసింది. ఘాటు రాలేదు. ఎవరికీ దగ్గు రాలేదు, కళ్లు మండలేదు. మిరపకాయలు నల్లబడ్డాయి అంతే. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు అని మన ఇళ్లలో ఒక నమ్మకం. అమ్మ ముఖం మారిపోయింది. కానీ పాఠకుడికి ఇంకో సంగతి కూడా తెలుసు. తిప్పేటప్పుడు ఆ మిరపకాయలు వాడి చొక్కాకు తగిలాయి. ఆ తడి ఆరని తడి.

ఆ రాత్రే వాడి ఫోన్‌లో వసంత్ మెసేజ్ అమ్మ కంటపడుతుంది. "అందుకే ఇదంతా" అంటుంది అమ్మ. రెండూ కలిపేసింది.

ఇక్కడ చరణ్ ఏమంటాడో దాని మీదే కథ నిలబడుతుంది. నేనైతే ఇలా రాస్తాను:

"అమ్మా, తడి గురించి అడుగు, చెప్తా. వసంత్ గురించి అడుగు, అదీ చెప్తా. రెండూ కలపొద్దు. అది వేరే, ఇది వేరే."

అమ్మను రాక్షసిని చేయకండి. ఆవిడ భయం నిజమైనది, బిడ్డ తడిసి వణుకుతున్నాడు. వెంటనే అర్థం చేసుకుని హత్తుకునేలా కూడా రాయకండి. "పొద్దున మాట్లాడుకుందాం, పొడి బట్టలు వేసుకో" అంటే చాలు. పొడి బట్టలు తడిసిపోతాయని ఇద్దరికీ తెలుసు, అయినా ఇస్తుంది.

డాక్టర్ దగ్గరికో, బాబా దగ్గరికో తీసుకెళ్లే దారి ఎంచుకుంటే నిజాలు సరిగ్గా ఉండాలి. స్వలింగ ప్రేమను రోగాల జాబితా నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న తీసేసింది. ఇది జబ్బు కాదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లో స్పష్టం చేసింది. దీన్ని "మారుస్తామని" చేసే వైద్యం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో చెప్పింది. కాబట్టి మీ కథలో మాత్రలిచ్చి "మార్చే" డాక్టర్ ఉంటే అతను తప్పు చేస్తున్నాడని కథకు తెలిసి ఉండాలి. కౌన్సెలర్ మంచిదైతే ఒక్క సీన్ చాలు, ఉపన్యాసం వద్దు.

చట్టం గురించి పాత్రలు మాట్లాడుకుంటే: పెద్దవాళ్ల మధ్య సమ్మతితో ఉండే స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న తీర్పిచ్చింది. పెళ్లి హక్కును మాత్రం 2023 అక్టోబర్ 17 తీర్పులో ఇవ్వలేదు. మీ కథ 2017లో జరిగితే వసంత్ నెట్‌లో వెతికినప్పుడు కనబడేది వేరు, 2024లో కనబడేది వేరు.

7. ముగింపు

దయ్యం కథకూ ప్రేమకథకూ వేర్వేరు ముగింపులు రాయండి. చెరువు పిల్లవాడి పని పూర్తవ్వాలి. వసంత్ వాళ్ల నానమ్మ చెప్పులు విప్పి ట్రాక్ మీద నిలబడి "ఆలస్యమైందిలే నాయనా, తెలుసు, ఇంట్లో చెప్పాంలే" అంటే సరిపోతుంది. తర్వాతి పేజీలో చరణ్, వసంత్ అలాగే ఉండాలి. దయ్యం వెళ్లిపోతే ప్రేమ తగ్గకూడదు, పెరగకూడదు.

ఇద్దర్నీ విడదీయడమో చంపడమో చేస్తేనే గాఢంగా ఉంటుందనుకోకండి. ఈ కథ చదివే పిల్లల్లో కొందరు తమ కోసమే వెతుక్కుంటూ వస్తారు. సంతోషంగా ముగిస్తే కథ విలువేమీ తగ్గదు. అలాగని 17 ఏళ్లకే జీవితమంతా ఖాయమైపోయినట్టూ రాయక్కర్లేదు. సెకండ్ పీయూ పరీక్షలున్నాయి, సీఈటీ ఎంట్రన్స్ ఉంది. వచ్చే సోమవారం కోచింగ్‌కి ఇద్దరూ వస్తారన్నంత వరకు నమ్మకం ఇస్తే చాలు.

8. పూర్తయ్యాక చెక్ చేసుకోవాల్సినవి

దయ్యాన్ని తీసేసి చూడండి. దయ్యం సీన్లన్నీ పక్కనపెట్టి మిగతాది చదవండి. ఇద్దరూ ఎందుకు ఇష్టపడ్డారో అప్పుడూ అర్థమవ్వాలి. అవ్వలేదంటే ప్రేమ బరువు దయ్యం మోస్తోందని అర్థం, 5వ స్టెప్పుకి వెళ్లండి.

ప్రేమను తీసేసి చూడండి. చెరువు పిల్లవాడి కథ ఒక్కటీ చదివినా వెన్నులో చలి పుట్టాలి. పుట్టకపోతే నియమాలు మళ్లీ చూసుకోండి, ఎక్కడో ఒకచోట వాటిని మీరే తప్పి ఉంటారు. నియమాలు కాగితం మీద రాసుకుని ప్రతి దయ్యం సీన్ పక్కనా టిక్ పెట్టండి.

దారి చూడండి. పాత్రలు వెళ్లే దారిలో ఆ టైముకే ఒకసారి వెళ్లిరండి. బైయప్పనహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా ఆగకుండా పర్పుల్ లైన్ నడిచింది 2023 అక్టోబర్ నుంచే. అంతకుముందు జరిగే కథలో మీ అబ్బాయి ఒకే మెట్రోలో వైట్‌ఫీల్డ్‌లో దిగితే బెంగళూరు పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు. నడి వేసవి అని రాసి రోజూ ముసురు పట్టించినా అంతే.

మాటలు పైకి చదవండి. డైలాగులు మాత్రమే, గొంతెత్తి. ఎక్కడ మీకే ఇబ్బందిగా అనిపిస్తే అక్కడ సినిమా మాట దూరి ఉంటుంది.

చివరిగా, చదివినవాళ్లను ఒకటే అడగండి: "చరణ్ వసంత్‌ను ఎందుకు ఇష్టపడ్డాడు?" జవాబులో దయ్యం, తడి, చెరువు అనే మాటలు వస్తే డ్రాఫ్టు ఇంకా అవ్వలేదు. "వాడు లేసు కట్టుకోవడానికి ఆగితే వసంత్ కూడా ఆగేవాడు కదా" లాంటి జవాబు వస్తే అయినట్టే.

బయట పెట్టేటప్పుడు

అసలు పేరు పెట్టాలా వద్దా అనేది మీ ఇంటి పరిస్థితిని బట్టి. ఇంట్లో తెలియకూడదంటే కలం పేరు వాడండి. ఆ పేరుకు మీ రోజువారీ ఫోన్ నంబర్, మెయిల్ కాకుండా వేరే మెయిల్ పెట్టుకోండి. పాత్రల ఊరు, కాలేజీ, కోచింగ్ టైమ్ మీవే అయితే మార్చేయండి. ముఖ్యంగా మీకు నచ్చిన అబ్బాయి పేరు, అతని ఇంటి గుర్తులు కథలోకి రానివ్వకండి. అతని సంగతి అతను చెప్పుకోవాలి, మీ కథ చెప్పకూడదు. కథ మొదట్లో రెండు లైన్ల హెచ్చరిక పెట్టండి: నీళ్లలో మునిగిపోవడం, ఇంట్లో గొడవ, కాలేజీలో ఏడిపించడం ఉన్నాయని.

ఇది రాస్తుంటే మీ సొంత సంగతులే పైకొచ్చి నిద్రపట్టకపోతే డ్రాఫ్టు కొన్నాళ్లు పక్కన పెట్టండి. టెలి మానస్ 14416కి ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. 18 నిండనివాళ్లకు ఇంట్లో కొట్టడం, బంధించడం, బలవంతంగా భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లడం లాంటివి జరుగుతుంటే చైల్డ్‌లైన్ 1098 ఉంది. కథ తర్వాతైనా రాసుకోవచ్చు, ముందు ఫోన్ చేయండి.